ఎంటర్‌ప్రైజ్ జట్టు, రోసినాంటే జట్టు: పర్లాకిమిడిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ దరఖాస్తులు టైపు చేయడమే పని. షట్టర్ దించి ఇంటికెళ్లాక అంతరిక్షం సీరియళ్లు చూస్తాను. శనివారం రాత్రి మేనల్లుడు, వాడి కాలేజీ స్నేహితులు, వీధి చివర ఉండే రిటైరైన మాస్టారు కూడా వచ్చి కూర్చుంటారు. వాళ్లు అడిగినవి, షాపు దగ్గర ఇంకొందరు అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఏ రెండు సీరియళ్లు? వీటినే ఎందుకు పోల్చడం?

మొదటిది స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు వచ్చింది. రెండోది ది ఎక్స్‌పాన్స్. 2015లో మొదలై 2022లో ముగిసింది. ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు. డేనియల్ అబ్రహామ్, టై ఫ్రాంక్ అనే ఇద్దరు రచయితలు జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే ఒకే కలం పేరుతో రాసిన నవలలు దీనికి ఆధారం.

స్టార్ ట్రెక్‌లో భూమి మీద మనుషులు ఎప్పుడో ఒకటైపోయారు. పేదరికం లేదు, దేశాల గొడవ లేదు. ఎక్స్‌పాన్స్‌లో భూమి వాళ్లు, మార్స్ వాళ్లు, గ్రహశకలాల మధ్య పుట్టి పెరిగిన బెల్టర్లు ఒకరినొకరు నమ్మరు. రెండిట్లోనూ ఒక ఓడ, అందులో రకరకాల చోట్ల నుంచి వచ్చిన మనుషులు. రెండు రాష్ట్రాల అంచున పుట్టినదాన్ని కాబట్టి, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారన్నదే నా కంటికి ముందు కనబడుతుంది. ఈ పోలికంతా అక్కడి నుంచే.

కథ ముందే తెలిసిపోతుందా?

కొంత తెలుస్తుంది. చివరి మలుపులు మాత్రం చెప్పను.

ఎవరెవరు ఉంటారో క్లుప్తంగా చెప్పండి.

స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్ చాలా పెద్ద ఓడ. 42 అంతస్తులు, వెయ్యి మందికి పైగా జనం, పిల్లాపాపలతో సహా. కెప్టెన్ జీన్ లూక్ పికార్డ్. ఆయన కింద రైకర్. మనిషి రూపంలో ఉన్న యంత్రం, అంటే ఆండ్రాయిడ్ అయిన డేటా, పుట్టుకతో చూపు లేని ఇంజినీర్ జార్డీ లా ఫోర్జ్, క్లింగాన్ అనే వేరే గ్రహం జాతివాడైన వోర్ఫ్, ఎదుటివాళ్ల మనసులో బాధ పసిగట్టే డియానా ట్రాయ్, డాక్టర్ బెవర్లీ క్రషర్.

ఎక్స్‌పాన్స్‌లోని రోసినాంటే చిన్న యుద్ధ ఓడ. కథలో ఎక్కువ కాలం దాన్ని నడిపేది నలుగురే. భూమి మీద మోంటానాలో పుట్టిన జేమ్స్ హోల్డెన్, బెల్టర్ ఇంజినీర్ నయోమి నగాటా, మార్స్ నౌకాదళంలో పనిచేసిన పైలట్ అలెక్స్ కమల్, బాల్టిమోర్ నుంచి వచ్చిన మెకానిక్ ఏమస్ బర్టన్. వీళ్లను ఎవరూ ఏరి కూర్చలేదు. మంచు మోసే కాంటర్‌బరీ అనే ఓడలో పనిచేస్తుంటే దాన్ని ఎవరో పేల్చేస్తారు. ఆ సమయానికి వేరే పని మీద చిన్న ఓడలో బయటికి వెళ్లినవాళ్లు మిగిలారు. ఐదో మనిషి కూడా ఉండేవాడు, త్వరలోనే పోతాడు.

ఎంటర్‌ప్రైజ్ వాళ్లు పరీక్షలు రాసి, పోస్టింగ్ తీసుకుని వచ్చినవాళ్లు. రోసినాంటే వాళ్లు వరదలో ఒకే చెట్టు పట్టుకున్నవాళ్లు. ఈ తేడా గుర్తుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

పికార్డ్, హోల్డెన్: ఎవరు మంచి కెప్టెన్?

మాస్టారు ప్రతి శనివారం పికార్డ్ అంటారు. నేనూ ఆయన మాటే ఒప్పుకుంటాను. పికార్డ్ ముందు అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి అడుగుతాడు. జార్డీ ఒకటి చెబుతాడు, వోర్ఫ్ ఆయుధాలు సిద్ధం చేద్దామంటాడు, ట్రాయ్ వద్దంటుంది. అందరి మాటా విన్నాక నిర్ణయం తనదే, బాధ్యతా తనదే.

హోల్డెన్‌కి అంత ఓపిక లేదు. నిజం తెలిసిన వెంటనే ప్రపంచానికంతటికీ చెప్పేయాలంటాడు. తన ఓడ పేలిపోయినప్పుడు మార్స్ మీద అనుమానం ఉందని అందరికీ వినబడేలా సందేశం పంపుతాడు, దాంతో రెండు గ్రహాలు యుద్ధం అంచుకి వెళతాయి. మంచివాడే, కానీ అతని మంచితనానికి మూల్యం ఎక్కువసార్లు ఇతరులు చెల్లిస్తారు. సీజన్లు గడిచేకొద్దీ అతను ఆ సంగతి తెలుసుకోవడం నాకు చాలా నచ్చింది.

జట్టులో గొడవలు ఏ సీరియల్లో ఎక్కువ?

ఎక్స్‌పాన్స్‌లో. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడన్‌బెరీకి ఒక పట్టుదల ఉండేది: ఆ కాలపు మనుషులు ఎదిగినవాళ్లు, ముఖ్య పాత్రల మధ్య చిల్లర తగాదాలు ఉండకూడదు అని. రచయితలకు అది కష్టమైంది. అందుకే బయటి మనిషి వచ్చినప్పుడు కథ వేడెక్కుతుంది. ఆరో సీజన్లో, 1992లో వచ్చిన చెయిన్ ఆఫ్ కమాండ్ చూడండి. పికార్డ్ స్థానంలో జెలికో అనే కొత్త కెప్టెన్ వస్తాడు. వచ్చీరాగానే మూడు షిఫ్టులు నాలుగు చేయమంటాడు, ట్రాయ్‌ని యూనిఫాం వేసుకోమంటాడు. కొత్త అధికారి ట్రాన్స్‌ఫర్ మీద వస్తే ఆఫీసులో ఎంత టెన్షనో తెలిసినవాళ్లకు ఆ రెండు ఎపిసోడ్లు వేరే చెప్పక్కర్లేదు. జెలికో చెప్పినవన్నీ తప్పు కావు. షిఫ్టులు మార్చడం కన్నా, ఎవరినీ అడక్కుండా మార్చడమే వాళ్లకు తగిలింది.

రోసినాంటేలో గొడవ ఇంట్లో గొడవలాగే ఉంటుంది. అందరూ కలిసి ధ్వంసం చేయాలనుకున్న ప్రమాదకరమైన పదార్థాన్ని నయోమి చేయకుండా దాచిపెడుతుంది. ఆ తర్వాత దాని ఆచూకీ బెల్టర్ల తరఫు నాయకుడికి చెప్పేస్తుంది. భూమి దగ్గరా మార్స్ దగ్గరా ఆ శక్తి ఉండి, తన వాళ్ల దగ్గర లేకపోతే వాళ్లను చీమల్లా నలిపేస్తారని ఆమె భయం. ఆమె వైపు నుంచి చూస్తే న్యాయం, జట్టు వైపు నుంచి చూస్తే మోసం. ఆ తర్వాత వంటబల్ల దగ్గర నలుగురూ కూర్చుని కూడా మాట్లాడుకోలేని స్థితి వస్తుంది. మా ఇళ్లలో అన్నదమ్ములు పొలం పంపకాల తర్వాత అలాగే కూర్చుంటారు, కంచంలోకి చూస్తూ.

భాష సంగతి ఎప్పుడూ చెబుతారు. అందులో అంత ఏముంది?

నాకు ఈ రెండు సీరియళ్లూ భాష కోసమే ప్రాణం.

ఎంటర్‌ప్రైజ్ వాళ్ల దగ్గర ఏ భాషనైనా అప్పటికప్పుడు అనువదించే యంత్రం ఉంటుంది. అందుకే ఆ సీరియల్లో భాష సమస్యే కాదు. ఆ యంత్రం చేతులెత్తేసిన ఒక ఎపిసోడ్ ఉంది. పేరు డార్మాక్, ఐదో సీజన్లో రెండోది, 1991లో వచ్చింది. టామా జాతి వాళ్లు ఎదురుపడతారు. వాళ్ల మాటలన్నీ యంత్రం అనువదిస్తుంది, అయినా ఒక్క ముక్క అర్థం కాదు. "టనాగ్రా దగ్గర డార్మాక్, జలాడ్" అంటారు. "టెంబా, చేతులు చాచి" అంటారు. వాళ్ల కెప్టెన్ డాథన్, పికార్డ్‌ని తనతో పాటు కింద ఒక గ్రహం మీదికి దింపించి, చేతికి బాకు ఇస్తాడు. పికార్డ్ అది పోరాటానికి పిలుపనుకుంటాడు.

రాత్రవుతుంది. చలి. పికార్డ్ ఎంత ప్రయత్నించినా మంట రాజుకోదు. అవతల డాథన్ దగ్గర మంట ఉంది. అతను అందులోంచి కాలుతున్న కట్టె ఒకటి తీసి పికార్డ్ వైపు విసురుతాడు. "టెంబా, చేతులు చాచి." టెంబా ఎవరో పికార్డ్‌కి తెలియదు, కానీ ఇవ్వడం అనే సంగతి అప్పుడు తెలిసింది. ఆ జాతి తమ పురాణాల్లోని ఘట్టాలతోనే మాట్లాడుతుంది. డార్మాక్, జలాడ్ వేర్వేరుగా ఒక ద్వీపానికి వచ్చి, ఒకే మృగంతో పోరాడి, మిత్రులై వెళ్లిన ఇద్దరు. డాథన్ అడిగేది అదే: మనమూ అలా అవుదాం.

మేనల్లుడి స్నేహితులకు ఇది వింతగా అనిపించింది. ఇలా ఎవరు మాట్లాడతారు అన్నారు. మనమే మాట్లాడతాం! భగీరథ ప్రయత్నం అంటాం, కుంభకర్ణుడి నిద్ర అంటాం, త్రిశంకు స్వర్గం అంటాం. ఒకసారి షాపులో పని హడావిడిలో ఎవరో మధ్యలో దూరితే నేను "రామాయణంలో పిడకల వేట" అన్నాను. పక్కనే కూర్చున్న ఒడియా గుమస్తా గారు అదేమిటని అడిగితే మాటకు మాట ఒడియాలో చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. రామాయణం ఆయనకు నాకన్నా బాగా తెలుసు. "ఆజ్ఞా, రామాయణంలో పిడకలు ఎక్కడున్నాయి?" అని అడిగారు. మాటలన్నీ చేరాయి, అర్థం చేరలేదు. డార్మాక్ అంటే అంతే.

ఇక ఎక్స్‌పాన్స్. అందులో అనువాద యంత్రాలు లేవు. బెల్టర్లది కలగలుపు భాష. సీరియల్ కోసం నిక్ ఫార్మర్ అనే భాషావేత్త దాన్ని పద్ధతిగా తయారుచేశాడు. ఇంగ్లిష్ పునాది మీద చైనీస్, హిందీ, స్లావిక్ భాషల మాటలు ఇంకా ఎన్నో వచ్చి చేరాయి. బెరాట్నా అంటే అన్నదమ్ముడు, కోపెంగ్ అంటే స్నేహితుడు, బాస్‌మాంగ్ అంటే పై అధికారి, సాసా కే అంటే తెలిసిందా అని. చేతులతో ఎక్కువ చెబుతారు, ఎందుకంటే అంతరిక్షం సూటులో, హెల్మెట్ లోపల తల ఊపితే అవతలివాడికి కనబడదు. తల ఊపే బదులు పిడికిలి ఊపుతారు. పని చేసే చోటే భాషకు రూపం ఇస్తుందన్న సంగతి ఇంత చక్కగా చూపించిన సీరియల్ నేను ఇంకోటి చూడలేదు.

నయోమి రోసినాంటేలో ఒకలా మాట్లాడుతుంది, మూడో సీజన్లో బెల్టర్ల ఓడ ఎక్కి కమీనా డ్రమ్మర్ అనే బెల్టర్ అధికారి పక్కన నిలబడగానే ఇంకోలా మాట్లాడుతుంది. యాస మారుతుంది, భుజాలు మారతాయి, చేతులు కదులుతాయి. నేను షాపులో గిరాకీతో ఒడియాలో "ఆజ్ఞా" అంటూనే, ఫోన్లో పిన్నితో "ఏటే పిన్నీ, ఎప్పుడొస్తావు" అంటాను. మాకు మరమరాలు ముఢి, అటుకులు చుడా. శ్రీకాకుళంలో చుట్టాలింటికి వెళ్లి ముఢి అంటే అందరూ నవ్వుతారు. ఇక్కడ మేం తెలెంగాలం, అక్కడ ఒడియావాళ్లం. నయోమిని కూడా సొంతవాళ్లే వెల్‌వాలా అని తిడతారు. గ్రహాలవాళ్లకు అమ్ముడుపోయిన మనిషి అని దాని అర్థం. ఆ మాట విన్నప్పుడు ఆమె ముఖం ఎలా మారుతుందో చూడండి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. డార్మాక్‌లో పికార్డ్ చేసిన పని మా ఊళ్లో ఒక మాస్టారు వందేళ్ల కిందటే చేశారు. పర్లాకిమిడి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. సవర మాట్లాడేవాళ్లతో కూర్చుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

అవసరాల అనే పేరు నిజంగా మన తెలుగు ఇంటిపేరేనా?

అవును. ఎక్స్‌పాన్స్‌లో ఐక్యరాజ్య సమితిని శాసించే క్రిస్జెన్ అవసరాల రోసినాంటే జట్టు మనిషి కాదు, కానీ ఆ జట్టు తలరాత చాలాసార్లు ఆమె చేతుల్లోనే ఉంటుంది. ఆ పాత్ర వేసిన షోరే అగ్దష్లూ ఇరాన్‌లో పుట్టిన నటి. చీరల్లో, నగల్లో ఆమె నడిచి వస్తుంటే మా గదిలో ఎవరూ మాట్లాడరు. పాత్ర తెలుగుదని కథలో ఎక్కడా చెప్పలేదు. ఇంటిపేరు మాత్రం మనదే.

ఇంటిపేరు అంటే స్టార్ ట్రెక్‌లో ఇంకో ఘట్టం ఉంది. ఐదో సీజన్లో బజోరన్ అనే వేరే గ్రహం జాతికి చెందిన రో లారెన్ అనే అమ్మాయి, ఎన్‌సైన్ అనే చిన్న అధికారి హోదాలో ఓడలోకి వస్తుంది. పికార్డ్ ఆమెను "ఎన్‌సైన్ లారెన్" అని పిలుస్తాడు. ఆమె "ఎన్‌సైన్ రో" అని సరిదిద్దుతుంది. బజోరన్లకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత.

నాకు అక్కడ ఆపి మళ్లీ చూడాలనిపించింది. నేను చదివిన బడిలో రిజిస్టర్‌లో పేరు రాసినవాళ్లు మా పద్ధతి అడగలేదు. ముందున్నదే పేరు అనుకున్నారు. దాంతో బడి ఉన్నన్నాళ్లూ హాజరు పిలిచేటప్పుడు నన్ను మా ఇంటిపేరుతోనే పిలిచారు. ఆ పేరు మా తాతది, నాన్నది, బాబాయిలది. నేను ఒక్కదాన్నే లేచి "ప్రెజెంట్" అనేదాన్ని. పదో తరగతి సర్టిఫికెట్లోనూ అలాగే వచ్చింది, దాన్ని సరిచేయించడానికి అఫిడవిట్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు షాపులో తెలుగు పిల్లల ఫారం నింపేటప్పుడు "నీ పేరేది, ఇంటిపేరేది" అని అడిగి, పిల్ల చేత పలికించి, అప్పుడే టైపు చేస్తాను.

వోర్ఫ్, నయోమి ఒకలాంటివాళ్లేనా?

పైకి ఒకలాగే ఉంటారు. వోర్ఫ్ పుట్టుకతో క్లింగాన్, పెంచినవాళ్లు మనుషులు. తన జాతికి దూరంగా పెరిగాడు కాబట్టి ఆచారాలు పుట్టినచోట ఉన్నవాళ్లకన్నా గట్టిగా పట్టుకుంటాడు. ఇది నాకు బాగా తెలుసు. మా వీధిలో సంక్రాంతికి పెట్టే ముగ్గులు, గొబ్బెమ్మలు చూసి విశాఖ నుంచి వచ్చిన చుట్టాలు ఆశ్చర్యపోతారు.

నయోమి అలా కాదు. తనవాళ్ల మధ్యే పెరిగి, అక్కడి హింస భరించలేక బయటికి వచ్చింది. వోర్ఫ్‌కి తన జాతి ఒక కల. నయోమికి అది మానని పుండు, ఇల్లు కూడా. ఆమె ఒళ్లు సైతం బెల్ట్‌దే. తక్కువ ఆకర్షణలో పెరిగిన ఎముకలు కాబట్టి నాలుగో సీజన్లో గ్రహం మీద దిగడానికి మందులు తీసుకుంటుంది, అయినా నిలబడలేకపోతుంది. తలెత్తి ఆకాశం చూడాలని అంత ఆశపడిన మనిషి మళ్లీ పైకి వెళ్లిపోవాల్సి రావడం చూసి నాకు ఏడుపొచ్చింది.

డేటా లాంటివాడు రోసినాంటేలో ఉన్నాడా?

నా దృష్టిలో ఏమస్. ఏమస్ మనిషే, కానీ చిన్నప్పుడు పడిన బాధల వల్ల ఏది మంచో ఏది చెడో లోపల నుంచి తెలియదు. అందుకని తెలిసినవాళ్లను చూసి నడుచుకుంటాడు. మొదట్లో నయోమి ఏం చెబితే అదే అతనికి ధర్మం. డేటా కూడా అంతే, పేకాట ఆడి, నాటకాలు వేసి, పిల్లిని పెంచి, మనుషులు ఎలా ఉంటారో నేర్చుకుంటాడు.

డేటా కోసం రెండో సీజన్లో ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ చూడండి. డేటాని విప్పి పరిశోధన చేస్తానని ఒక అధికారి వస్తాడు. డేటా మనిషా, ప్రభుత్వ ఆస్తా అని విచారణ జరుగుతుంది. స్నేహితుడైన రైకరే అతనికి వ్యతిరేకంగా వాదించాల్సి వస్తుంది. వాదనలో భాగంగా డేటా స్విచ్ ఆపేస్తాడు, డేటా తల బల్ల మీదికి వాలిపోతుంది. రైకర్ ముఖంలో అప్పుడు కనబడే సిగ్గు కోసం నేను ఆ ఎపిసోడ్ చాలాసార్లు చూశాను.

మంచి ఇంజినీర్ ఎవరు?

జార్డీకి పెద్ద వర్క్‌షాపు, సిబ్బంది ఉన్నారు. నయోమి, ఏమస్ దొరికిన ముక్కలతో బాగుచేస్తారు. నా పాత జిరాక్స్ మిషన్ చెడిపోతే నయోమినే పిలుస్తాను.

వాళ్లు ఏం తింటారు?

పికార్డ్ యంత్రం ముందు నిలబడి ఎర్ల్ గ్రే టీ వేడిగా కావాలంటే కప్పు ప్రత్యక్షమవుతుంది. హోల్డెన్‌కి కాఫీ ఉంటే చాలు. వోర్ఫ్‌కి ఎండు ఆలూబుఖారా పండ్ల (ప్రూన్) రసం రుచి చూపించింది ఓడలో బార్ నడిపే గైనన్, తాగి అది వీరుల పానీయం అంటాడు. అంటే ఎవరి తిండిలోనైనా మనది మనకు దొరుకుతుంది. మాకూ పక్కింటివాళ్ల పఖాళ, మా చద్దన్నం ఎండాకాలంలో ఒకే కంచంలో కలుస్తాయి.

పిల్లలతో చూడొచ్చా?

స్టార్ ట్రెక్ నిశ్చింతగా చూడొచ్చు. ఎక్స్‌పాన్స్‌లో రక్తం, బూతులు, పడకగది దృశ్యాలు ఉన్నాయి. ఇంటర్ దాటినవాళ్లకే చూపించండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టార్ ట్రెక్ మొదటి సీజన్ కాస్త నెమ్మది, నిజం చెప్పాలి. ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ చూసి, మూడో సీజన్ నుంచి వరసగా వెళ్లండి. ఎక్స్‌పాన్స్ మాత్రం మొదటి నుంచే చూడాలి, ఒక్కటి వదిలినా దారి తప్పుతారు. మొదటి మూడు ఎపిసోడ్లలో ఎవరు ఎవరో తెలియక తికమక పడతారు. నాలుగోది చూశాక ఆపమన్నా ఆపరు.

ఇంగ్లిష్ రానివాళ్లకు అర్థమవుతాయా?

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఒడియా, తెలుగు వచ్చు, సంతలో బేరానికి సరిపడా సవర వచ్చు. డార్మాక్ వేసినరోజు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మేం సబ్‌టైటిల్స్ చదువుకుంటూ టెంబా ఎవరో, ఆ చేతులు చాచడం ఏమిటో చర్చించుకుంటున్నాం. కాలుతున్న కట్టె గాల్లో వచ్చి పికార్డ్ ముందు పడింది. అమ్మ తలెత్తి చూసి, "పాపం, చలికి వణుకుతున్నాడని నిప్పిచ్చాడు" అంది, మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.